మావయ్య జేబురుమాలు

మొన్న బందరులో ఊరు చూపించే గైడొకడు గిలకలదిండి చేపల రేవు రాగానే ముక్కు మూసుకున్నాడు. బడిలో చరిత్ర చెప్పే మా మావయ్య గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు ఓ ఉదయం ఆ మహానుభావుడు నాకు ఊరంతా తిప్పి చూపించాడు. డచ్చివాళ్ల సమాధుల దగ్గర చెప్పులు విప్పించాడు. దర్గాలో ఇద్దరం తలలకు జేబురుమాళ్లు కట్టుకున్నాం. గిలకలదిండి చేపల రేవులో మావయ్య అదే రుమాలు ముక్కుకు కట్టుకున్నాడు. ఇదీ ఆచారమే కాబోలనుకుని నేనూ కట్టుకున్నాను.

"ఇక్కడ ఏ దేవుడుంటాడు మామ్మా?" అని ఎండుచేపలమ్మే ముసలమ్మను అడిగాను.

"మీ పెద్దాయన ముక్కునే అడుగు బాబూ!" అంది.

"మాకీ వాసన పడదమ్మా," అన్నాడు మావయ్య గొప్పగా. తీరా బయల్దేరేముందు ఆ రుమాలే విప్పి, అందులో ఎండురొయ్యలు మూట కట్టించుకున్నాడు. ఇంటిదాకా ఆ మూట వాసన చూస్తూనే ఉన్నాడు.

అంతటి భక్తుణ్ణి నేను మళ్లీ ఏ గుళ్లోనూ చూడలేదు.