పంజా కింద సందు

ఎదురింటి మెట్లకు రాయి కోస్తున్నారు. తడి రాతిపొడి వాసన వంటింటిదాకా వచ్చింది. పొయ్యి మీద పప్పు సంగతి మరిచి కిటికీ దగ్గర నిలబడిపోయాను. నాకు ఆ వాసనంటే చాన్ గారే. వాంకూవర్‌లో మా వీధి చివరనున్న చైనావాళ్ళ గుడికి రాతిబొమ్మలు చెక్కిన ముసలాయన.

ఆయన పరిచయమైంది నా తప్పు వల్ల. అప్పట్లో అద్దెకిచ్చే ఏ బేస్‌మెంట్ చూసినా చదువుకొచ్చిన మన పిల్లలే. మా చెల్లెలి కూతురు దివ్య కూడా కాలేజీకని వచ్చి మా ఇంట్లోనే ఉండేది. చదువైంది, వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగమే దొరకలేదు. దాన్ని కళ్ళెదుటే ఉంచుకుంటానని చెల్లెలికి మాటిచ్చాను. నాకా కుదురు లేదు. ఒక శుక్రవారం ఆ గుడి ముందునుంచి పోతూ, పంజా కింద పిల్లను పెట్టుకున్న రాతి సింహాన్ని చూసి, ఎవరో అమ్మవారే అనుకుని నుదుట పసుపు రాసి బొట్టు పెట్టాను. సాయంత్రం వాన. పసుపు మూతిదాకా కారింది.

మర్నాడు వెళ్తే చాన్ గారు బకెట్, బ్రష్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

“దీనికి కామెర్లొచ్చాయి” అన్నారు.

ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక వాక్యం నిండదు. సగం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ రాసేదంతా నాకు అర్థమైన తెలుగు. బ్రష్ నా చేతికిచ్చి, నేను తోముతుంటే చెప్పుకొచ్చారు. బంతి తొక్కిపట్టింది మగ సింహం, అది బయటి లోకం చూసుకుంటుంది. పిల్లతో ఉన్నది ఆడది, ఇల్లు చూసుకుంటుంది. వీపున శాసనం మోస్తున్న తాబేలు అసలు తాబేలే కాదట, డ్రాగన్ బిడ్డట, బరువంటే దానికి ఇష్టమట.

“అలాంటిది మా ఇంట్లోనూ ఒకటుంది. నేనే” అన్నాను.

“దీన్ని ఎవరూ మోయమనలేదు” అన్నారాయన. “అదే దించదు.”

ఆ తర్వాత మనసు నిలవనప్పుడల్లా గుడి వెనక ఆయన రాళ్ళు చెక్కే షెడ్డుకు వెళ్ళి కూర్చునేదాన్ని. టీ ఇచ్చేవారు, పని ఆపేవారు కాదు.

ఒకరోజు నేను వంటింట్లో ఉంటే దివ్య పరిగెత్తుకుంటూ వచ్చింది. “పెద్దమ్మా, ఆఫర్ వచ్చింది. నార్త్ యార్క్‌లో. సోమవారంలోపు ఓకే చెప్పాలి.”

“విమానమెక్కి దేశం ఆ చివరకి పోవాలి కదే. ఇక్కడే అప్లై చెయ్యి.”

“సంవత్సరం నుంచీ అదేగా చేస్తున్నా.”

“మీ అమ్మకేం చెప్పను?”

“జాబ్ వచ్చిందని చెప్పు.”

“నేను పంపను” అన్నాను. అది గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను తిన్నగా షెడ్డుకు పోయాను.

చాన్ గారు కొత్త ఆడ సింహాన్ని చెక్కుతున్నారు. నా గోడు మొత్తం చెప్పి, “చూడండి, ఇది పిల్లను ఎంత గట్టిగా పట్టుకుందో. తల్లంటే అంతేగా” అన్నాను, ఆయన ఔనంటారనే ఆశతో.

ఆయన పలచటి రేకుముక్క తీసి పంజా కింద దూర్చారు. అది అటువైపు బయటికొచ్చింది.

“పట్టుకోలేదమ్మా. కాపు కాస్తోంది. మొత్తం ఒకటే రాయి. అన్నిటికన్నా చివర తొలిచేది ఈ సందే. తొలవకపోతే పిల్ల ఉండదు, తల్లి కాలికి గడ్డ ఉంటుంది.”

“చెయ్యి జారితే?”

“జారుతుంది. రెండు పిల్లలు అలా విరిగాయి నాకు.” మళ్ళీ ఉలి అందుకున్నారు. ఆ చేతులు వణకడం నేను అప్పుడే చూశాను. వణుకుతూనే తొలుస్తున్నారు.

ఇంటికొచ్చి దివ్య తలుపు దగ్గర నిలబడ్డాను. “ఏ సూట్‌కేసు తీసుకెళ్తావే?” అన్నాను.

లోపలినుంచి జవాబొచ్చింది. “నీది. దాని చక్రాలు బాగున్నాయి.”

చెల్లెలు నాతో నెలరోజులు మాట్లాడలేదు. చాన్ గారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. దివ్య ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఒక్కో ఆదివారం చెయ్యదు. ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను, ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. సోమవారం దాకా ఆగుతాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్న చెక్కుడు పని అదొక్కటే. ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.