ఒర్లియంపేటలో కుడికి తిప్పాలి

మా సూపర్నెంటమ్మ పోయారు. పోయిన నెల ఒక పొద్దున నేను నటేశన్ నగర్ వాల్వు మూసి, దాన్ని తిప్పే పొడుగాటి ఇనుప కీ సైకిలుకు కట్టుకుంటుంటే ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క నిద్రలోనే పోయిందమ్మా," అంది. సైకిలుకు స్టాండు వెయ్యలేదన్న సంగతి మరిచి చెయ్యి వదిలేశాను. అది కీతో సహా పోయి పక్క కాలువలో పడింది. నేను తియ్యలేదు. ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

ఆవిడ మా నీళ్ళ ఆఫీసులో సూపరింటెండెంటు. మా అందరి నోటా సూపర్నెంటమ్మ. ఆ మాటకు ఆవిడ ఎప్పుడూ నవ్వేవారే గానీ సరిదిద్దేవారు కాదు.

మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మేడ మీద గుమాస్తాలు, కింద వెనకవైపు యార్డు. మేడ మీద రకరకాల ఊళ్ళ మనుషులు. పుదుచ్చేరి వాళ్ళు సరే, కారైకాల్ నుంచి వచ్చిన లెక్కల గుమాస్తా, మాహే నుంచి వచ్చిన మలయాళీ టైపిస్టు, యానాం నుంచి బదిలీ మీద వచ్చి మళ్ళీ వెళ్ళని మా సూపర్నెంటమ్మ. మధ్యాహ్నం డబ్బాల మూతలు తీస్తే ఒక్కొక్కరి చేపల పులుసుది ఒక్కో వాసన. ఆడవాళ్ళు మేడ మీద టైపు కొట్టేవాళ్ళు, కింద చీపురు పట్టేవాళ్ళు. యార్డులో మాత్రం ఒక్క ఆడమనిషీ ఉండేది కాదు. వాల్వులు తిప్పేదీ, పైపులు తవ్వేదీ, పంపులు నడిపేదీ అంతా మగాళ్ళే. కింది ఉద్యోగాల్లో నిండు జీతం, పింఛను ఉన్నవి ఆ యార్డులోనే. చీపురు పట్టిన వాళ్ళది పార్ట్‌టైమ్. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉన్నా సరే, పేరుకు పార్ట్‌టైమే!

ఏ పనిలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో చెప్పమని ఏటా పైనుంచి ఒక ఫారం వచ్చేది. వాల్వు ఆపరేటర్ల గడిలో అడ్డగీత గీసి పంపడం మా ఆఫీసు అలవాటు. "ఆ గీత గీసేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుందమ్మాయ్," అనేవారు ఆవిడ.

నేను ఆ మెట్లు ఎక్కింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. మా ఆయన ఆ యార్డులోనే వాల్వు ఆపరేటరు. కామెర్లతో పోయాడు. కారుణ్య నియామకం కింద నాకు పని ఇస్తామన్నారు. తీరా వెళితే ఇంజనీరు సారు పార్ట్‌టైమ్ స్వీపరని రాసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. ఇంట్లో చిన్నపిల్ల, ముసలి అత్తగారు, ఇంటి అద్దె. ఆ జీతంతో సగం నెల కూడా గడవదని తెలుసు. అయినా కలం పట్టుకున్నాను. పట్టుకోక ఏం చేస్తాను?

సంతకానికి ముందు సూపర్నెంటమ్మ ముద్ర వెయ్యాలట. ఆవిడ బల్ల ముందు నిలబడి, వెంట వచ్చిన మా అత్తగారికి నా గోడు చెప్పుకుంటూ కళ్ళొత్తుకున్నాను. ఆవిడ చటుక్కున తలెత్తారు.

"తెలుగువాళ్ళా? ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరేనమ్మా. మా తాతల నాటినుంచీ ఈడనే."

"అయితే నించుని ఏడవడమెందుకు? కుర్చీ ఉంది కదా, కూర్చుని ఏడువు."

ఏడుపు మధ్యలోనే కుర్చీ లాక్కున్నాను. కూర్చున్నాను. తర్వాత ఎన్నోసార్లు ఆవిడ నోట విన్న మాట అది: "కుర్చీ కనపడితే కూర్చో. ఎవరో వచ్చి కూర్చోమంటారని చూడకు."

"మీ ఆయన ఏం పని చేసేవాడు?" అని అడిగారు.

"వాల్వు తిప్పేవాడు."

"ఆ పోస్టు ఖాళీగానే ఉంది మరి. నువ్వు తిప్పలేవా?"

"నాకేం తెలుసమ్మా? ఆ కీ నాకన్నా పొడుగుంది."

"బియ్యం మూట ఎత్తుతావా?"

"ఎత్తుతా."

"బావిలో నీళ్ళు తోడతావా?"

"తోడతా."

"మరింకేంటి నీ రోగం?"

ఆ కాగితం పట్టుకుని ఇంజనీరు గదిలోకి వెళ్ళారు. లోపల చాలాసేపు తమిళంలో వాదన జరిగింది. ఆడవాళ్ళ వల్ల కాదని ఆయన, ఏ రూల్లో ఉందో చూపించమని ఈవిడ. బయటికి వచ్చి నాతో అన్నారు: "నెల రోజులు చూస్తాడట. ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే మీ ఆయన పోస్టు నీది, మీ ఆయన జీతం నీది. వచ్చిందా, చీపురే. జీతం మనిషిని చూసి ఇచ్చేది కాదమ్మాయ్, పనిని చూసి ఇచ్చేది. పోయి పని చూపించు."

యార్డు మేస్త్రి మావాడే, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. నన్ను వెంటబెట్టుకుని ఇందిరా నగర్, నటేశన్ నగర్ అన్నీ తిప్పాడు. రోడ్డు మీద ఇనుప మూత తీసి, గుంతలోకి కీ దించి, ఎడమకు తిప్పితే నీళ్ళు వస్తాయి, కుడికి తిప్పితే ఆగిపోతాయి. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో వారానికి నా చేతికి పని వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని వింతగా చూసేవాళ్ళు. నాకు సిగ్గూ, గర్వమూ రెండూ కలిగేవి.

ఒకరోజు మేస్త్రి "ఒర్లియంపేటకు నువ్వే పో మే, దినామూ నేనేంది నీ వెంట," అన్నాడు. మా ఇళ్ళలో ఆడవాళ్ళను మే అనే పిలుస్తారు. పొద్దున్నే వెళ్ళాను. అక్కడి వాల్వు రాత్రంతా సన్నటి ధారకు వదిలి ఉంటుంది, తెల్లవారాక పూర్తిగా తెరవాలి. కీ దించి, ఎడమకు తిప్పాను. బలంగా, బిగిసేదాకా తిప్పాను. బాగా తెరిచానని మురిసిపోతూ టీ తాగి ఆఫీసుకు వచ్చాను.

కాసేపటికి ఒర్లియంపేట ఒర్లియంపేటంతా ఆఫీసు ముందుంది. ఖాళీ బిందెలు, ప్లాస్టిక్ కుండలు, కేకలు. ఒక్క బొట్టు రాలేదట. ఆడదాన్ని పెడితే ఇంతేనని ఎవరో అరిచారు. ఇంజనీరు సారు పాత స్వీపరు కాగితం తీసుకురమ్మని బంట్రోతును పంపాడు. కూతురి బడి ఫీజు, అద్దె, అన్నీ ఆ చీపురు కట్టలోకి పోయాయనుకున్నాను. యార్డులో మగాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఒకడు పెదవి కొరుక్కుంటూ నవ్వాపుకుంటున్నాడు. నాకు చంపేద్దామన్నంత కోపం వచ్చింది.

సూపర్నెంటమ్మ ఇల్లు ఆ ఒర్లియంపేటలోనే. ఆ రోజు ఆవిడ స్నానం లేకుండా, జుట్టు ముడి చుట్టుకుని వచ్చారు. నన్ను పల్లెత్తు మాటనలేదు. బంట్రోతుకు డబ్బులిచ్చి మూల కొట్టు నుంచి బజ్జీలు తెప్పించారు. "సార్, ఒక్క నిమిషం యార్డులోకి రండి," అని ఇంజనీరును పిలిచి, పొట్లం తీసుకెళ్ళి అందరి మధ్యా డ్రమ్ము మీద పెట్టారు.

"మేస్త్రిగారూ, కొత్తమనిషి బజ్జీలిప్పించాలి కదా మీ యార్డులో? ఈ పిల్ల చేతిలో డబ్బుల్లేవు. దీని తరఫున నేనిప్పిస్తున్నాను, తీసుకోండి."

ఇంజనీరుకు ఏమీ అర్థం కాలేదు.

"నేను ఆ వీధిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను సార్," అన్నారు ఆవిడ. "అప్పుడప్పుడూ మా కొళాయి ఎండిపోతుంది. పైపు రిపేరని చెబుతారు. ఆ రోజే యార్డులోంచి మేడ మీదికి బజ్జీల వాసన వస్తుంది. కిందికి తొంగిచూస్తే ఒక కొత్త మొహం బజ్జీలు పంచుతూ ఉంటుంది. నీళ్ళు లేక నేను మాడుతుంటే వీళ్ళకు ఈ పండగేంటా అనుకునేదాన్ని. ఇవాళ తెలిసింది."

మేస్త్రి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ పైపు రిపేర్లన్నీ అబద్ధమని ఇంజనీరు ఎదుటే ఒప్పుకోవాలి మరి. అయినా ఒప్పుకున్నాడు.

"అది ఫ్రెంచోళ్ళ కాలం వాల్వు సార్. అది ఒక్కటే తలకిందులు. కుడికి తిప్పితేనే తెరుసుకుంటాది. కొత్తోళ్ళకి మేం సెప్పం. వాడే తెలుసుకోవల్ల. తప్పు తిప్పినోడు బజ్జీలు కొనియ్యల్ల. నేనూ అట్నే తిప్పినా, ఈళ్ళందరూ అట్నే తిప్పినారు."

"ఈ అమ్మాయి మొగుడో?" అన్నారు సూపర్నెంటమ్మ.

"ఆయప్ప రెండు తూర్లు తిప్పినాడమ్మా!"

యార్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మా ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆ మహానుభావుడు ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు చూడండి!

"మగాడు తిప్పితే పైపు రిపేరు, ఆడది తిప్పితే ఆడదని రాస్తారా సార్?" అని అడిగారు ఆవిడ, గొంతు పెంచకుండా. ఇంజనీరు ఆ డ్రమ్ము దగ్గరికి వచ్చి, ఒక బజ్జీ తీసుకున్నాడు. ఆ కాగితం సంగతి మళ్ళీ ఎత్తలేదు. నెల నిండాక మా ఆయన పోస్టు ఆర్డరు నా చేతికి వచ్చింది. ఆ ఏడు ఫారం వచ్చినప్పుడు ఆవిడ నన్ను మేడ మీదికి పిలిచి, అడ్డగీత ఉండే గడిలో ఒకటి వేసి, "ఇదిగో, ఇక్కడున్నావు నువ్వు," అని వేలు పెట్టి చూపించారు.

నాకు తెలుగు రాయడం కూడా ఆవిడే నేర్పారు. మా ఇళ్ళలో మాట్లాడ్డమే గానీ అక్షరం తెలియదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడేసిన కవర్ల వెనక దిద్దించేవారు. "మీ తెలుగులో సగం అరవమే కదమ్మాయ్," అని ఏడిపించేవారు. "మీరు మాత్రం ఏంది, పాట పాడినట్టు సాగదీస్తారు," అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆఫీసులో చిన్నా పెద్దా ఎవరి పేరు పిలిచినా చివర గారు చేర్చేవారు. ఊడ్చే ఆవిడను అలా పిలిచిన మొదటిసారి ఆమె ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసిందట. రిటైరయ్యాక కూడా సూపర్నెంటమ్మ ఒర్లియంపేట వదల్లేదు. నేను పొద్దున్నే వాల్వు తెరిచి వాళ్ళ వీధిలోంచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి, "వచ్చాయమ్మాయ్ నీ నీళ్ళు," అనేవారు. గోదారి నీళ్ళు తాగి పెరిగిన మనిషి, మా కొళాయి నీళ్ళకు ఎప్పుడూ వంక పెట్టేవారు. కానీ ఆ మాటలో మాత్రం వంక ఉండేది కాదు.

నా తర్వాత యార్డులోకి ఇంకా ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకు మొదటి రోజే చెప్పేస్తాను, ఒర్లియంపేటలో కుడికి తిప్పాలని. బజ్జీలు మాత్రం తప్పు తిప్పకపోయినా వాళ్ళ చేత కొనిపిస్తాను. మేస్త్రికి అలా చెప్పెయ్యడం నచ్చదు. ఇప్పటికీ తన నోటితో ఎవ్వరికీ చెప్పడు.

ఆవిడ పోయిన రోజు నేను ఆ ఇంటికి చేరేసరికి ఎండెక్కింది. స్నానం చేయించి బట్ట మార్చాలి. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "తొట్టెలో చుక్క లేదమ్మా," అంది. నీళ్ళు పొద్దున వచ్చాయి. నేనే తెరిచి, వేళయ్యాక మూశాను. పట్టుకునే మనిషే లేవలేదు, చెల్లెలికి ఆ గాభరాలో నీళ్ళ ధ్యాసే లేదు. పక్కవాళ్ళు తలా ఒక బిందె తెస్తామన్నారు. వద్దన్నాను. ఆవిడకు అడిగి తెచ్చిన నీళ్ళేమిటి?

యార్డుకు వెళ్ళి మేస్త్రితో చెప్పాను. అది నీళ్ళు వదిలే వేళ కాదు, పైవాళ్ళనడగాలి. మేస్త్రి ఎవరినీ అడగలేదు. నా కీ ఇంకా కాలువలోనే ఉందని, తన కీ తెచ్చి నా భుజానికెత్తాడు. "పో మే. ఎవురైనా అడిగితే పైపు రిపేరని నేను సెప్పుకుంటా," అన్నాడు. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ పిలిచాడు.

"కుడికి మే!"

కుడికి తిప్పాను. ముందు గాలి బుస్సుమంది. తర్వాత వీధి పొడుగునా ఒక్కో కొళాయి దగ్గు దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, తేరుకుంది. ఈ వేళలో నీళ్ళేమిటని ఆడవాళ్ళు బిందెలతో బయటికి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ గుమ్మం పక్కన కొళాయి కింద చెల్లెలు పెట్టిన ఇత్తడి బిందె నిండి, పొర్లి, మెట్ల మీదుగా వీధిలోకి పారుతూనే ఉంది.