పురానాపూల్ మీద వదిలిన పిట్ట

యుద్ధం నాటి ఫాల్గుణంలో ఒక ఉదయం, ఏడుంబావుకు, పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచే మా బస్సు పురానాపూల్ మీద ఆగిపోయింది. డ్రైవర్ బస్సు వెనకున్న బొగ్గు కుంపటి రాజేస్తుంటే నేను లేస్తూ కూర్చుంటూ ఉన్నాను.

"ఏంది కొడుకా, సీట్ల ముండ్లున్నయా?" అంది పక్కనున్న బురఖా ముసలమ్మ.

"దవాఖానల తమ్ముడున్నడు అమ్మా."

ఆమె మనవడూ ఆ దవాఖానలోనే ఉన్నాడు. వాడి జబ్బు తగ్గాలని, తలచుట్టూ తిప్పి వదలడానికి బుట్టలో ఒక తిలియర్ పిట్టను, చలికాలానికి వలస వచ్చే గోరింకను, తీసుకెళ్తోంది. ఇంతలో తిలియర్ల గుంపొకటి మూసీ దాటి ఉత్తరానికి సాగింది. బుట్టలో పిట్ట కొట్టుకుంది.

"దీని దోస్తులు పోతున్నరు. ఇప్పుడు ఇడవకుంటే ఒంటిగైతది. పిల్లగాని తలచుట్టు తిప్పకున్నా, వాడు దవాఖానల ఉన్నడని అల్లాకు ఎరికే. నీ తమ్ముని పేరేంది?"

చెప్పాను. రెండు పేర్లూ పలికి, కిటికీ దగ్గర బుట్ట తెరిచింది.

తమ్ముడు దక్కలేదు. ఆమె మనవడి సంగతి తెలియదు. మా ఇంట్లో తమ్ముడి పేరు ఇప్పుడెవరూ పలకరు.