నాచుకిచ్చిన మందు

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. బరువుకి అలవాటుపడి అది ఉందన్న సంగతే మరిచిపోతుంటాను. మీకిది రాస్తుంటే ఏడుపు రావాలి కదా? రావడం లేదు.

తొంభైల చివర్లో విశాఖలో మలేరియా క్రిమి మీద పరిశోధన చేసేవాణ్ణి. సముద్రం మీద వేటకెళ్ళే మా ఇళ్ళలో అంత చదివింది నేనొక్కణ్ణే. ఆ క్రిమి ఒంట్లో ఒక నాచు ముక్క ఉందని అప్పుడప్పుడే తేలింది. యుగాల కిందట దాని పూర్వీకులు మింగిన నాచు. పచ్చదనం పోయింది, ఎండతో పని పోయింది, అయినా అది లేకపోతే క్రిమి బతకదు. దాన్ని దెబ్బతీసే మాత్రలు మామూలు మందుల షాపులోనే దొరుకుతాయి. నాకు మతిపోయింది. ఎవరు కనబడినా ఇదే కథ.

భీమిలిలో మా అక్క భర్తకి మలేరియా వచ్చింది, ప్రాణం తీసే రకం. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. అక్క చేపలమ్మడానికి వెళ్ళిన వేళ చూసి ఆ మాత్రలిచ్చాను.

“నాచంటే పడవడుగున పట్టీదేనేటి బావా?” అని నవ్వాడు. “గోకినా మళ్ళీ పడతాది గదేటి.”

“ఇది పట్టదు. కానీ టైమ్ పడతాది. ఇప్పుడున్న పురుగులు సావవు, ఆటి పిల్లలు సత్తాయి. ఆసుపత్రెందుకు, ఆగు.”

“సదివినోడివి. నువ్వాగమంటే ఆగుతాను.”

వాటికి తోడుగా వెంటనే పనిచేసే మందు కూడా ఇవ్వాలని నాకు తెలుసు. తెలిసీ ఇవ్వలేదు. ఎందుకు? అదిస్తే మొదటి తరమే చచ్చిపోతుంది, నాచు దెబ్బతిని రెండో తరం చావడం కళ్ళారా చూసే అవకాశం నాకు పోతుంది. ఎంత తవ్వుకున్నా ఇంతకంటే మంచి కారణం దొరకలేదు. రోజూ బావ వేలు పొడిచి, చుక్క రక్తం గాజుపలక మీద పూసుకుని లాబ్‌కి బస్సెక్కేవాణ్ణి. జ్వరం తగ్గలేదు. చివరికి పలక మీద చచ్చిన పిల్ల క్రిములు కనబడ్డాయి. సంతోషించాను, అబద్ధం ఎందుకు. సాయంత్రం భీమిలి వెళ్ళేసరికి బావకి స్పృహ లేదు.

ఆసుపత్రిలో, ఇన్నాళ్ళూ ఏం చేశారని డాక్టరు అడిగాడు.

“రమ్మంటే రాలేదండీ,” అన్నాను. పక్కనే ఉన్న అక్క నమ్మింది. తెల్లారేసరికి బావ పోయాడు.

“పెద్దాసుపత్రికి రమ్మంటే రానేదు, మొండోడు. నన్నొగ్గీసి ఎలిపోనాడు,” అని అక్క ఇప్పటికీ ఆయన్ని తిడుతుంది. నేను ఆమె వడ్డించిన అన్నం తింటూ వింటాను.

బావ మొండివాడు కాడు. నన్ను నమ్మాడు, నేను చంపాను. ఈ ముక్క రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త ఆడుతోంది. అక్కకి మాత్రం ఇంకా చెప్పలేదు.