యాకోబు చేతిలోని గుడ్డ

ఎనిమిదేళ్లుగా ఒక్క మాట నా గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది. "ఉండె." అంతే, ఆ మాట. దాని బరువు మోయలేక ఇవాళ మీ ముందు దించుతున్నాను. నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను మొయినాబాద్‌లో ఒక కాలేజీలో ల్యాబ్ అటెండర్‌ని. నాకొక పిచ్చి ఉంది. మైక్రోస్కోపుకు పైన, కన్ను ఆనించే చోట, బొటనవేలంత గొట్టం ఉంటుంది. ఐపీస్ అంటారు. పాతకాలపు మైక్రోస్కోపులు తుక్కుకు పోయేటప్పుడు ఆ ఇత్తడి ఐపీస్‌లు మాత్రం ఏరి తెచ్చుకుంటాను. తుడిచి నా టెలిస్కోపుకు పెట్టుకుంటాను. ఎవరో నెత్తుటి చుక్కను చూడటానికి చేసిన అద్దంలోంచి చంద్రుడి గుంతలు చూడటంలో ఏదో మజా ఉంది. చిక్కేమిటంటే, ఐపీస్ సన్నం, టెలిస్కోపు మూతి వెడల్పు. మధ్యలో ఇత్తడి రింగు తొడగాలి. ఆ రింగులు చేసిపెట్టేవాడు యాకోబు.

యాకోబుది ఆలూరు. చేవెళ్లలో చిన్న షెడ్డులో లోహాన్ని తిప్పుతూ కోసే లేతు మిషన్ నడిపేవాడు. బోరు మోటార్ల పనులే ఎక్కువ. నా రింగులు మాత్రం మధ్యాహ్నం అన్నం మానుకుని మరీ చేసేవాడు. వెంట్రుకంత సందు ఉన్నా ఒప్పుకునేవాడు కాదు. నాకంటే పదేళ్లు చిన్న.

ఆ ఎండాకాలం, మూతబడ్డ ఒక దవాఖాన సామాన్లలో నాకు ఒక ఐపీస్ దొరికింది. తేనె రంగుకు తిరిగిన ఇత్తడి, మీద చేత్తో చెక్కిన అంకె. నా దగ్గరున్నవాటిలో అంతటిది లేదు. యాకోబుకు ఇచ్చాను. దీని అంచు జర గీకితే రింగు బాగా కూర్చుంటుందన్నాడు. దాని మీద బ్లేడు పెడితే నీ చెయ్యి విరగ్గొడతానన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అతను నిజంగానే నవ్వాడు. నేను?

మూడో రోజు మధ్యాహ్నం వెళ్లాను. పొద్దున కాలేజీలో ఒకడితో గొడవపడి, ఆ కోపం దిగకుండానే వెళ్లాను. ఇది సాకుగా చెప్పడం లేదు. కోపం నాకు కొత్త కాదు, నా ఇంట్లో పగిలిన తలుపులు చూస్తే మీకే తెలుస్తుంది.

షెడ్డులో అతనొక్కడే. వీపు నా వైపు ఉంది. లేతు తిరుగుతోంది. ముక్కను దవడలతో బిగించి తిప్పే చక్ పట్టులో పాత ఇత్తడి, అదే తేనె రంగు. కింద పచ్చగా మెరుస్తూ రజను రాలుతోంది. కోస్తున్నాడు. వద్దన్నా కోస్తున్నాడు. ఒక్క కేక వేసి ఉంటే ఆపేవాడు. వెయ్యలేదు. బల్ల మీద పెద్ద పానా ఉంది. తీసుకుని తల వెనక కొట్టాను.

బెదిరించడానికే కొట్టానని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. నా చెయ్యి భుజం దాటి పూర్తిగా వెనక్కి పోయి లేచింది. చంపాలనే కొట్టాను. పానా తగిలిన ఆ అరక్షణం నాకు హాయిగా ఉండింది. ఈ వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

అతను ముందుకు తూలాడు. ఎడమ చెయ్యి తిరుగుతున్న చక్ మీద పడింది. చక్ దవడలు దాన్ని లాక్కున్నాయి. ఎండు కట్టెలు విరిగినట్టు చప్పుడు, వరసగా. నెత్తురు నా ముఖం మీద, గోడ మీది క్యాలెండరు మీద చిమ్మింది. వేళ్లు తెగి చెయ్యి ఊడి వచ్చాక అతను వెల్లకిలా పడ్డాడు. స్విచ్ ఆపాను.

తర్వాత ఏం చేశానో చెప్పనా? అతని దగ్గరికి పోలేదు. చక్‌లోని ఇత్తడి ఎంత పాడైందోనని వంగి చూశాను.

అది నా ఐపీస్ కాదు. రింగు. నా ఐపీస్ రంగుకు సరిపోవాలని ఎక్కడో పాత మోటారులోని ఇత్తడి గొట్టం ముక్క, బుష్, వెతికి తెచ్చి, దాంట్లోంచి తీసిన రింగుకు ఆఖరి కోత పెడుతున్నాడు. కట్టు కట్టడానికి బట్ట కోసం గోడకున్న అతని చొక్కా లాగితే, జేబులో కర్చీఫ్‌లో చుట్టి ఉంది ఐపీస్, భద్రంగా. ముందు దాన్ని నా జేబులో వేసుకున్నాను. తర్వాత ఆ కర్చీఫ్‌తో అతని చెయ్యి కట్టాను.

పక్క షాపుల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. అతను మిషన్ తుడుస్తుంటే చేతిలోని గుడ్డ చక్‌కు చుట్టుకుని చెయ్యి లాగిందని, వెనక్కి పడితే తల నేలకు తగిలిందని చెప్పాను. నోరు తడబడలేదు. తిరిగే లేతు దగ్గరికి గుడ్డ తేవద్దనేది ఆ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నవాడు అది మరిచాడంటే అందరూ అయ్యో అన్నారు. వాళ్లతోపాటు నేనూ అన్నాను.

మూడు వేళ్లు పోయాయి. నాలుగో రోజు దవాఖానలో తెలివిలోకి వచ్చి మాట్లాడాడు. ఆ మధ్యాహ్నం అతనికేమీ గుర్తు లేదు. కట్టు వైపు చూసి అడిగాడు.

"అన్నా, మిషన్ నడుస్తుంటె నేనెన్నడు గుడ్డ పట్టను గదా. నా చేతిల నిజంగ గుడ్డ ఉండెనా?"

"ఉండె."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

"అయితె తప్పు నాదే అన్నా."

ఏడ్చాడు. వేళ్ల కోసం కాదు. తన చేతులను తానే ఇక నమ్మలేనని. షెడ్డు అమ్మేశాడు. ఇప్పుడు చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్.

ఆ రింగు కూడా నా దగ్గరే ఉంది. నెత్తురు కడిగి ఐపీస్‌కు తొడిగాను. వెంట్రుకంత సందు లేదు. దాంట్లో శనిగ్రహాన్ని చూశాను. మసకగా కనిపిస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో. చాలా బాగా కనిపించింది.

ఏటా ఆ రోజుల్లో వచ్చే ఒక ఆదివారం యాకోబు చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడు. దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందు చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. నన్ను ముందు వరసలో కూర్చోబెడతాడు. తన అజాగ్రత్త వల్ల చెయ్యి పోయిందని, దేవుడు ఈ అన్నను పంపకపోతే ప్రాణమే పోయేదని చెప్పి, రెండు వేళ్లు మిగిలిన ఆ చెయ్యి నా భుజం మీద వేస్తాడు. అందరూ స్తోత్రం అంటారు. నేను చేతులు జోడిస్తాను. ఇన్నేళ్లూ జోడిస్తూనే వచ్చాను.

ఈసారి తన బదులు నన్ను చెప్పమన్నాడు, కళ్లారా చూసినవాణ్ని నేనొక్కడినే కదా అని. సరేనన్నాను. వచ్చే ఆదివారమే. అతని ముందు లేచి నిలబడితే నా నోరు ఏమంటుంది? మళ్లీ "ఉండె" అనే అంటుందేమో. నా నోటి మీద నాకు నమ్మకం లేదు. అందుకే ముందు ఇక్కడ రాసి పెడుతున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ రాస్తుంటే గొంతులో ఆ ఎముక కొంచెం కదిలింది.

గుడ్డ లేదు. ఆ రోజు యాకోబు చేతిలో ఏ గుడ్డా లేదు.