కోసేసిన ఫొటో

మా పత్రిక చదివేది విమానం ఎక్కేవాళ్లు కాదు, విమానాలకు భాగాలు తయారు చేసేవాళ్లు. నెలకొకసారి వస్తుంది. కొండాపూర్‌లో ఒక మొబైల్ షోరూమ్ పైన ఆఫీసు. నేను సబ్ ఎడిటర్‌ని. మాట్లాడటం కంటే చదవడం నాకు తేలిక కాబట్టి ఆ ఉద్యోగం సరిపోయింది.

మా ఎడిటర్ పుట్టి పెరిగింది ఈ పక్కనే, శేరిలింగంపల్లిలో. దినపత్రికలో బిజినెస్ పేజీ చూస్తూ ఇక్కడికి వచ్చి, కరపత్రంలా ఉన్నదాన్ని పత్రికగా నిలబెట్టారు. మొదట్లో విమాన ప్రదర్శనలకు వెళ్తే, రిసెప్షన్ మనిషి అనుకుని అందరూ ఆవిడనే బ్యాడ్జీలు అడిగేవారట. "ఇచ్చేదాన్ని. ఇచ్చుకుంట ఎవడు ఎవని తోటి వచ్చిండో చూసుకునేదాన్ని," అనేవారు.

ఫ్యాక్టరీలో ఏం చూడాలో నాకు నేర్పింది ఆవిడే. తనిఖీలో తప్పిన భాగానికి ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెడతారు, పొరపాటున కూడా విమానంలోకి పోకుండా. "మేనేజర్ మొహం ఏం చూస్తవ్, మూలలకు చూడు," అనేవారు.

కిందటి వానాకాలంలో నా పేరుతో మొదటి కవర్ కథనం రావాల్సి ఉంది. రెక్కల భాగాలు చేసే ఒక కంపెనీ గురించి. విదేశీ ఆర్డరు అనుకున్న సమయానికే వెళ్తోందని వాళ్లు చెప్పారు, నేను రాశాను. ఫొటో కూడా వాళ్లే పంపారు. అధికారులు వరుసగా నిలబడి నవ్వుతున్నారు. వాళ్ల వెనక ర్యాకు నిండా రెక్క భాగాలు, వాటికి వేలాడుతూ ఎర్ర ట్యాగులు. పంపినవాళ్లకు అవి రంగురంగుల అలంకారంలా కనిపించి ఉంటాయి. ఆ ఫొటో ఎడిటర్‌కి చూపించాను. "చూసిన," అన్నారు, అంతే.

మరునాడు పేజీ తయారై వచ్చేసరికి ఫొటో పైనా పక్కలా కోసేసి ఉంది. నవ్వులు మాత్రం మిగిలాయి.

"మేడమే కట్ చేయమన్నరు," అన్నాడు పేజీలు పెట్టే అన్న.

"ఎందుకన్నా?"

"నన్నడుగుతవేంది? వారం సంది కోకాపేట కెల్లి కారొస్తున్నది మేడమ్ కోసం. ఆ డ్రైవర్నడుగు."

ఆ కంపెనీ పెద్దాఫీసు కోకాపేటలోనే. ఆ తర్వాత నాకు అన్నీ అనుమానంగానే కనిపించాయి. ఫోన్ మోగితే ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడేవారు. సొరుగులో ఏళ్లుగా ఉన్న విజిటింగ్ కార్డులను ఒకరోజు కూర్చుని వేరు చేశారు. నాతో అకారణంగా మంచిగా మాట్లాడినా, ఎందుకో అనుకునేదాన్ని. అంతకుముందు ఆవిడ అన్న మాటలు ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. ఆ వారం ఒక్కటీ రాయబుద్ధి కాలేదు. అన్ని భాగాలు తనిఖీలో తప్పి ఆర్డరు నిజంగా ఆలస్యమైతే, నా పేరు కింద అచ్చయ్యేది అబద్ధం. దాన్ని నమ్మి, ఆ కంపెనీకి పనిచేసే చిన్న వర్క్‌షాపులవాళ్లు ముందుగా సరుకు కొని నష్టపోతారు.

పేజీలు ప్రెస్‌కు వెళ్లాల్సిన రోజు ఆవిడ గది దగ్గరికి వెళ్లాను.

"ఏందమ్మా, తలుపుకాడ్నే నిలబడ్డవ్? లోపలికి రా."

"ఫొటో ఎందుకు కోశారు మేడమ్?" మనసులో ఎన్నోసార్లు అనుకున్న మాట, నాకే వినపడనంత చిన్నగా వచ్చింది.

"ఎర్ర ట్యాగుల్లేని ఫ్యాక్టరీ ఉంటదా? లేవంటెనే నాకు డౌటొస్తది. తప్పు పట్టుకుంటున్నరనే కదా దానర్థం."

నిజమే. ఇంకో రోజైతే అక్కడితో తల ఊపి వచ్చేసేదాన్ని. "మరి కనబడనివ్వొచ్చు కదా మేడమ్," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "మాట్లాడదు ఈ పిల్ల అనుకున్న," అన్నారు. "వాళ్లు నన్ను రమ్మన్నరు. పత్రికలోళ్లతోని మాట్లాడే పని. ఒప్పుకున్న. ఇన్నేండ్లు అందర్ని ప్రశ్నలడిగిన. ఇగ జర జవాబులు చెప్పుకుంట కూసోవాలనిపించింది."

"ఫొటో అందుకే కోశారా?"

"అందుకు కాదనే అనుకున్న. నువ్వడుగుతుంటె నాకే తెలుస్తలేదు." పేజీని నా వైపు తోశారు. "ఇది ఇగ నేను ముట్టుకోను. ఫోన్ చేసి నువ్వే అడుగు. ఈడ్నే కూసొని చెయ్యి."

ఫోన్ చేయడమంటే నాకు చెమటలు పడతాయి. అయినా చేశాను. ఆ ట్యాగులున్న భాగాలు ఈ ఆర్డరువేనా అని అడిగాను. ఫొటో పంపిన కంపెనీ అధికారి తిరిగి నన్నే అడిగారు.

"మేడమ్ గారు చూశారాండి ఆ ఫొటో?"

"నేను చూశానండి."

"కొన్ని ఈ ఆర్డరువేనండి. కాస్త ఆలస్యమవుతుంది. అయినా మీ మేడమ్ గారితో మాట్లాడాం కదండి, మళ్లీ మీరెందుకండి..."

ఫోన్ పెట్టేశాను. ఆయన చివరన్నది ఆవిడకు వినపడలేదు. "ఏమన్నడు?"

"ఆలస్యమట మేడమ్."

"రాయి. మొదటి పేరాలనే పెట్టు, లోపలెక్కడో దాచకు. ఫొటో పూర్తిగ వెయ్యమను."

అలాగే రాశాను, అలాగే అచ్చయింది. తర్వాతి నెల ఆవిడ కోకాపేటలో చేరిపోయారు. వెళ్లేరోజు నా భుజం తట్టి, "రేపు నేను ఫోన్ చేస్తె నన్ను గూడ గిట్లనే అడుగు," అన్నారు. తల ఊపాను. ఆలస్యం సంగతి మీకు ముందే తెలుసా అని అప్పుడే అడిగి ఉండొచ్చు. అడగలేదు. తెలియదంటే నమ్మను. తెలుసంటే, ఆవిడ నేర్పిన మిగతావాటిని ఏం చేసుకోవాలో నాకు తెలియదు.