పెరుగుతో మొదలైన భోజనం

"మీ బావగారు అన్నం తలకిందులుగా తింటున్నార్రా" అంది అక్క ఫోన్లో.

తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాను. తలకిందులుగా అంటే శీర్షాసనం వేసి తింటున్నారేమో అనుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఈ మధ్య ఆసనాలు మొదలుపెట్టారని విన్నాను మరి. ఆ మాటే అడిగితే అక్కకి కోపం వచ్చింది.

"ఆయన జబ్బు నీకూ అంటుకుంది. ముందు పెరుగన్నం తింటున్నారు. తర్వాత చారు. ఆ తర్వాత కూర. ఆఖర్న పప్పన్నం. మూడు వారాల నుంచీ ఇదే వరస."

"ఎందుకట?"

"అడిగితే చెబితేగా. వయసు పెరిగేకొద్దీ మనిషి తరుగుతాడంట, అందుకని ముందు పెరుగంట. నవ్వమంటావా, ఏడవమంటావా నన్ను?"

నాకు నవ్వే వచ్చింది కానీ బయటపడలేదు.

బావగారు రేపల్లె టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసి రిటైరయ్యారు. రోజంతా ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి కలిపే ఉద్యోగం చేసినందుకో ఏమో, ఏ మాట చెవిన పడినా దాన్ని విరిచి చూడకుండా వదలరు. పెళ్ళిచూపులకి వచ్చిన రోజున నాకు పన్నెండేళ్ళు. మా అమ్మ గారెల పళ్ళెం ముందు పెట్టి "మొహమాటపడక తినండి బాబూ" అంది. ఆయన నెమ్మదిగా "మొహం ఉంది, మాట ఉంది, పడకే లేదండి" అన్నారు. మా నాన్న మొహం ముడుచుకున్నారు. తలుపు వెనక నుంచి అక్క నవ్వు వినపడింది. సంబంధం ఆ నవ్వుతోనే ఖాయమైందని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు.

కానీ ఫోన్లో అక్క గొంతులో ఆ నవ్వు లేదు. వాళ్ళ వీధి చివర ఇంట్లో పెద్దాయనకి కూడా ఇట్టానే మొదలైందట. మొదట కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసుకున్నాడట. కొన్నాళ్ళకి చెప్పులు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడట. ఒకరోజు తన ఇంటి గేటు ముందే నిలబడి, ఈ ఇల్లు ఎవరిదని అడిగాడట.

"నువ్వొచ్చి ఒకసారి చూడరా తమ్ముడూ" అంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి. ఎవరైనా వింతగా ఏదైనా చేస్తున్నారంటే దగ్గర నిలబడి చూడాలనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. వేమూరు దాటిందాకా అక్క భయం గురించే ఆలోచించాను. భట్టిప్రోలు వచ్చేసరికి పెరుగు తర్వాత చారు పోసుకుంటే నాలుక మీద ఎలా ఉంటుందో ఆలోచిస్తున్నాను.

వెళ్ళేసరికి బావగారు పేపరు చదువుతున్నారు. నన్ను చూసి కళ్ళజోడు పైకి తోశారు.

"ఏమోయ్ బావమరిదీ, మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి?"

"అరిగిపోయాయంట బావగారూ, డాక్టరు చెప్పాడు."

"అదేనయ్యా ఈ వయసులో తిరకాసు. మోకాళ్ళు అరుగుతాయి, అన్నం అరగదు."

మనిషి మతి ఎటూ పోలేదనిపించింది. అక్క వంటింట్లోంచి నా వైపు చూసి, తొందరపడొద్దన్నట్టు తల ఊపింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, చారు, పెరుగు, పక్కన ఆవకాయ. అక్క అలవాటు కొద్దీ పప్పు గరిటె పట్టుకుని ఆయన కంచం దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళి పెరుగు గిన్నె తెచ్చింది. ఆయన అన్నంలో పెరుగు కలిపి, నాలుగు ముద్దలు కళ్ళు మూసుకుని తిన్నారు. అంత శ్రద్ధగా తినే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. తర్వాత చారన్నం, వేపుడు కొంచెం కొంచెంగా. చివర్న పప్పులో నెయ్యి వేసుకుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు.

"అసలు ఎందుకండీ ఇట్టా?" అని నేనూ అడిగాను.

"జీవితమంతా అక్కడక్కడా పప్పులో కాలేస్తూ వచ్చాను. ఇప్పుడు భోజనం చివర ఒక్కసారే వేస్తున్నా" అన్నారు.

"చూశావా" అంది అక్క. "మీకు మతిమరుపు వస్తోందేమోనని నేను హడలి చస్తుంటే..."

"మతిమరుపు కాదే, మితిమరుపు" అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

అక్క కంచాలు తీస్తూ ఒక మాట అంది. "యాభై ఏళ్ళయింది పెళ్ళయి. ఈయన్ని ఏదడిగినా మాట వస్తుంది కానీ జవాబు రాదురా."

మర్నాడు బాపట్ల బయల్దేరాం. అక్కడ పెద్దవయసు వాళ్ళని చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని అక్కకి ఎవరో చెప్పారు. బీపీ చూపించుకుందామని చెప్పి ఆయన్ని బస్సెక్కించింది. ఆయన నమ్మారో లేదో నాకు తెలియదు. చెరుకుపల్లి, కర్లపాలెం దాటిందాకా కిటికీలోంచి కొట్ల బోర్డులు చదువుతూ కూర్చున్నారు.

డాక్టరమ్మకి ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. బీపీ చూసింది, బరువు చూసింది.

"పళ్ళు తింటున్నారా బాబాయిగారూ?"

"పళ్ళు ఉంటేగా అమ్మా పళ్ళు తినడానికి."

"ఎన్ని ఉన్నాయి?"

"ఇంట్లో డజను, నోట్లో తొమ్మిది."

ఆమె నవ్వి, మూడు మాటలు చెబుతాను గుర్తుపెట్టుకోమంది. తాళం, జామకాయ, పడవ. తర్వాత ఏ వారమో, ఏ నెలో అడిగింది. వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ రమ్మంటే గబగబా వచ్చేశారు. ఒక్క నిమిషంలో 'ప'తో మొదలయ్యే మాటలు ఎన్ని చెప్పగలరో చెప్పమంది.

"పప్పు, పెరుగు, పులుసు, పచ్చడి, పులిహోర, పాయసం, పకోడీ, పొంగడాలు, పూర్ణాలు..."

"తిండి కానివి కూడా చెప్పొచ్చండి."

"పెళ్ళాం" అన్నారు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఇందాకటి మూడు మాటలు చెప్పండి."

"తాళం" అన్నారు. "పడవ." ఆగారు. పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశారు. చేతివేళ్ళు టేబుల్ మీద దేనికోసమో తడిమినట్టు కదిలాయి. మూడో మాట రాలేదు. దాన్ని కప్పిపుచ్చడానికి వేరే మాట కూడా రాలేదు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆ అరనిమిషం ఆయన నిజంగా డెబ్బై నాలుగేళ్ళ మనిషిలా కనిపించారు నాకు.

"ఫర్వాలేదండి, ఈ వయసులో ఒకటి జారిపోవడం మామూలే" అంది డాక్టరమ్మ. "అన్నం మాత్రం పెరుగుతో మొదలుపెడుతున్నారంట, ఎందుకని?"

"పెరుగుతో పెరుగుతామని..."

"అది చమత్కారం. నేను అడిగింది కారణం బాబాయిగారూ."

ఎంత మర్యాదగా అందో అంత సూటిగా అంది. నాకు తెలిసి ఆయనతో ఎవరూ అలా అనలేదు. మేమంతా నవ్వో, విసుక్కునో ఊరుకునేవాళ్ళం.

"ఆకలి తగ్గిందమ్మా" అన్నారు. "మొదటి నాలుగు ముద్దల దాకానే ఉంటది. ఆ తర్వాత తినేది పెట్టారు కాబట్టి తినడమే. ఆ నాలుగు ముద్దలూ నాకు బాగా ఇష్టమైన దానికి ఇద్దామనిపించింది. నాకు పెరుగన్నం ఇష్టం. చిన్నప్పటి నుంచీ ఇష్టమే. కానీ దాని దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ కడుపు నిండిపోయేది."

డాక్టరమ్మ తల ఊపింది. వయసుతో ఆకలి పల్చబడుతుందని, త్వరగా నిండినట్టు అనిపిస్తుందని చెప్పింది. అన్నీ తింటున్నంతకాలం ఎటు నుంచి తిన్నా నష్టం లేదని, లోపలికి వెళ్ళాక వాటికి వరస ఉండదని అంది. రక్తపరీక్షలు రాసి, ఆర్నెల్ల తర్వాత ఒకసారి రమ్మంది.

బయటికొచ్చి బస్టాండు దగ్గర భోజనం హోటల్లో కూర్చున్నాం. వడ్డించే ఆయన పప్పు బకెట్‌తో వచ్చాడు.

"ముందు పెరుగు తీసుకురా బాబూ" అన్నారు బావగారు.

"పెరుగు ఆఖర్నండి."

"నాకు ముందు కావాలి."

"భోజనం చేసొచ్చారాండి?" అని అతను అనుమానంగా అడిగాడు. నేను కల్పించుకుని, ఈయన పద్ధతి అదేనని చెప్పాల్సి వచ్చింది. చిన్న కప్పుతో పెరుగు తెచ్చిపెట్టి, వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనకి ఏదో చెప్పాడు. ఇద్దరూ మా వైపు చూశారు.

అక్క కంచంలో చెయ్యి పెట్టకుండా కూర్చుంది. "ఈ మాట నాకు చెబితే ఏమయ్యేది?" అంది.

ఆయన పెరుగు కలుపుతూ ఆగారు. "పెళ్ళయిన మొదటి రోజు నుంచీ నీ పప్పు గురించి చెబుతూ వచ్చాను కదా. నీ అంత బాగా రేపల్లెలో ఎవరూ వండరని. ఇప్పుడు పెరుగే ఎక్కువ ఇష్టమంటే నువ్వేమనుకుంటావోనని."

అక్క ఆయన వైపు తిరిగింది. "పెరుగు తోడేసేది ఎవరనుకున్నారు?" అంది.

ఆయన కప్పులో మిగిలిన పెరుగు కూడా ఊడ్చి కలుపుకున్నారు. నేను తల వంచుకుని పప్పన్నం కలుపుకున్నాను. సాంబారు వచ్చేవేళకి బావగారు ఉన్నట్టుండి "జామకాయ" అన్నారు. వడ్డించే ఆయన "లేవండి" అన్నాడు. అక్కకి పొలమారింది, నవ్వుతోనో దగ్గుతోనో నీళ్ళు తాగి తేరుకుంది.

తెనాలి తిరిగొచ్చాక నేనూ వారం రోజులు పెరుగుతో మొదలుపెట్టి చూశాను. ఏ రోజు ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాశాను కూడా. పెరుగు చల్లదనం మీద చారు పడితే మిరియం ఘాటు చెవుల దాకా వెళ్ళింది. వేపుడుకి తేడా ఏమీ తెలియలేదు. ఆవకాయ ఆఖర్న తిన్న రోజు సాయంత్రం నాలుగింటి దాకా నోరు మండుతూనే ఉంది. పెద్దవాళ్ళు పెరుగుని చివర ఎందుకు పెట్టారో ఆ రోజు అర్థమైంది.

మా ఆవిడ నాలుగు రోజులు ఊరుకుని, అయిదో రోజు అడిగింది. "ఆకలేసినప్పుడు మీకు దేని మీదికి మనసు పోతే అది తినండి. దానికి పుస్తకమెందుకు?"

దేని మీదికి పోతుందా అని ఆలోచించాను. నాకు తెలియలేదు. అరవై రెండేళ్ళుగా కంచంలో ముందు ఏది పడితే అదే నాకు ఇష్టమనుకుంటూ తినేశాను.

"మరి నీకు?" అని అడిగాను.

"అడుగంటిన అన్నం" అంది, క్షణం కూడా ఆలోచించకుండా. "ఎర్రగా వేగిన మాడు. దాని మీద కాస్త నూనె, ఉప్పుకారం."

"ఎప్పుడు తింటావు?"

"రోజూ. మిమ్మల్ని పిలిచే ముందు, వంటింట్లో నిలబడి. కుక్కరు వచ్చాక మాడు రావట్లేదని విడిగా చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం పడేస్తున్నా."

ఆ గిన్నె రోజూ పొయ్యి మీద ఉండటం చూస్తూనే ఉన్నాను. అందులో ఏముందని ఒక్కసారీ అడగలేదు. మర్నాడు నాకూ ఒక ముక్క పెట్టమన్నాను. పెట్టింది కానీ, సగమే పెట్టింది. కరకరలాడుతూ బాగుంది, రెండో ముక్క అడిగితే లేదంది.

మొన్న పని మీద రేపల్లె వెళ్ళినప్పుడు మధ్యాహ్నం అక్కావాళ్ళింట్లోనే తిన్నాను. బావగారి రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయట. బరువు ఒక కిలో పెరిగారట. పెరుగు వల్లేనని ఆయన, పప్పు మానలేదు కాబట్టేనని అక్క చెరో మాటా చెప్పారు. ఇప్పుడు ఆయన వరస కూడా రోజుకో తీరుగా ఉంటోంది. ఒకరోజు చారుతో, ఒకరోజు కూరతో. ఎప్పుడు ఏది అడుగుతారో తెలియక, గిన్నె గిన్నెకీ లేచి వడ్డించలేక, అక్క అన్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టేసింది. ఇంకేం పని లేక తనూ కంచం పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నాళ్ళూ ఆయన తిన్నాక తినడమే తన అలవాటు.

నేను వెళ్ళిన రోజు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన పెరుగు గిన్నె తన వైపు లాక్కున్నారు. అక్క పప్పు గిన్నె తన వైపు లాక్కుని "నువ్వు ఎటు నుంచిరా?" అని నన్ను అడిగింది.

నేను కాసేపు ఆలోచించి, దొండకాయ వేపుడు ఇటు ఇమ్మన్నాను.